‘500లో ఒకటి’ అని చెక్కిన పలక ఎంత విలువ చేస్తుంది?

కిందటి నెల ఒక శుక్రవారం రాత్రి మా ఊరి కుర్రవాడొకడు ఫోన్ చేశాడు. మాకు చుట్టరికమేమీ లేదు. నేను ఇంగ్లండ్‌లోని కొవెంట్రీకి వచ్చిన కొత్తలో నా పక్క గదిలో ఉండేవాడు, అప్పటినుంచీ నన్ను అన్నా అనే పిలుస్తాడు, నాకూ తమ్ముడి లాంటివాడే. పేరున్న ఒక కంపెనీ తన స్పోర్ట్స్ కారుకు ప్రత్యేక ఎడిషన్ ప్రకటించిందనీ, ప్రపంచం మొత్తానికి 500 మాత్రమే తయారు చేస్తారనీ, డీలర్ దగ్గర ఒకే ఒక్క స్లాట్ మిగిలిందనీ, సోమవారం లోపల డిపాజిట్ కట్టాలనీ ఒక్క గుక్కలో చెప్పాడు. డ్యాష్‌బోర్డు మీద ‘500లో ఒకటి’ అని చెక్కిన లోహపు పలక ఉంటుందట, దాని ఫోటో కూడా పంపాడు. “అన్నా, ఇంటి కోసం దాచిన డబ్బు ఇందులో పెడితే తప్పా? ఐదొందలే కదా చేసేది, రేటు ఎలా పడుతుంది?” అని అడిగాడు.

ఫోన్‌లో తేల్చి చెప్పే విషయం కాదనిపించింది. శనివారం ఉదయం వాణ్ణి కారెక్కించుకుని అరగంట దూరంలో ఉన్న గేడన్‌కు, అక్కడి బ్రిటిష్ మోటార్ మ్యూజియానికి తీసుకువెళ్లాను. నేను చూపించదలచుకున్నది ఒక్క కారునే. వెండి రంగు జాగ్వార్ ఎక్స్‌జె220 అది. దాని పక్కన నిలబడితే పైకప్పు మన నడుముకు కాస్త పైన ఉంటుంది, వెడల్పు మాత్రం రెండు మీటర్లు. పక్క నుంచి చూస్తే ముక్కు నుంచి తోక వరకూ ఎక్కడా గీత తెగదు. ఇంత అందమైన కారును బ్రిటన్‌లో మరొకరు చేశారని నేననుకోను. అయినా కొన్నవాళ్లను ఇంతగా ఏడిపించిన కారు కూడా ఆ రోజుల్లో మరొకటి లేదు.

దాని కథ జాగ్వార్ ముఖ్య ఇంజనీరు జిమ్ రాండిల్‌తో, ఆయన చుట్టూ చేరిన కొద్దిమంది ఉద్యోగులతో మొదలైంది. వాళ్లు జీతం లేకుండా, పని గంటలు ముగిశాక, వారాంతాల్లో కూర్చుని ఆ కారును తయారు చేశారు. ఆ బృందానికి ‘శనివారం క్లబ్బు’ అనే పేరు నిలిచిపోయింది. 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో దాని మీది ముసుగు తీసినప్పుడు అందులో పన్నెండు సిలిండర్ల 6.2 లీటర్ల వీ12 ఇంజిను ఉంది, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు ఉంది. చూసినవాళ్లు అక్కడికక్కడే చెక్కు రాస్తామన్నారు. 1989 చివరలో కంపెనీ తయారీకి సిద్ధపడి, 350కి మించి చేయబోమని మాట ఇచ్చి, ఒక్కొక్కరి దగ్గర 50,000 పౌండ్ల డిపాజిట్ తీసుకుంది. జనం ఎగబడ్డారు. డిపాజిట్ కట్టినవాళ్లలో చాలామందికి ఆ కారు నడపాలన్న ఆలోచనే లేదు, చేతికి రాగానే ఇంకొకరికి అమ్మి లాభం చేసుకోవాలన్నదే వాళ్ల లెక్క.

అప్పటి వాతావరణం తెలియకపోతే ఆ వెర్రి అర్థం కాదు. 1987 అక్టోబరులో షేర్ మార్కెట్లు కూలాయి, అక్కడి నుంచి బయటపడిన డబ్బు దాక్కోవడానికి చోటు వెతుక్కుంటోంది. జపాన్‌లో భూముల, షేర్ల ధరల బుడగ ఉబ్బుతోంది. 1988 ఆగస్టులో ఫెరారీ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ చనిపోయాడు, ఆయన కాలంలో చేసిన కార్ల ధరలు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాయి. బ్రిటన్‌లో కారు అమ్మితే వచ్చిన లాభం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. కాలంతో అరిగిపోయే వస్తువుగా చట్టం దాన్ని లెక్కిస్తుంది, ఈ వెసులుబాటు ఇప్పటికీ ఉంది. ఇన్ని కలిసివచ్చాక ఇల్లు తాకట్టు పెట్టి కార్లు కొన్నవాళ్లు కూడా ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

కార్లు 1992లో చేతికి అందే వేళకు మాట మారింది. వీ12 స్థానంలో ఆరు సిలిండర్ల 3.5 లీటర్ల జంట టర్బో వీ6 వచ్చింది, దాని పుట్టుక మెట్రో 6ఆర్4 అనే ర్యాలీ కారులో ఉంది. నాలుగు చక్రాల డ్రైవ్ పోయింది. వెనక లైట్లు రోవర్ 200 అనే మామూలు కారు నుంచి తెచ్చి పెట్టారు. ఇక్కడ నేను జాగ్వార్ ఇంజనీర్ల పక్షమే వహిస్తాను, ఎందుకంటే ఆ వీ6 తేలికైనది, బలమైనది, కాలుష్య నిబంధనలకు తగినది, పైగా అదే ఇంజినుతో ఆ కారు 1992లో ఇటలీలోని నార్దో ట్రాక్ మీద గంటకు 340 కిలోమీటర్లు దాటి, అమ్మకానికి తయారైన కార్లలో అన్నిటికన్నా వేగవంతమైనదిగా నిలిచింది. కానీ పన్నెండు సిలిండర్ల కోసం చెక్కు రాసినవాడికి ఆ వివరణ రుచించలేదు. ఒప్పందంలో ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన షరతు ఉండడం వల్ల 3,61,000 పౌండ్లు అనుకున్న ధర 4,70,000 దాకా పోయింది. ఈలోగా మాంద్యం వచ్చింది, బుడగ పగిలింది. డిపాజిట్లు కట్టినవాళ్లు వెనక్కి తగ్గారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 350 చేయాల్సిన చోట 300 కూడా పూర్తి కాకుండానే 1994లో తయారీ ఆగిపోయింది. అమ్ముడుపోక మిగిలిన కొత్త కార్లను, అందులోనూ ఎడమచేతి స్టీరింగ్ ఉన్నవాటిని, 1997లో పన్ను కాక 1,27,550 పౌండ్లకు వదిలించుకున్నారు.

మా తమ్ముడు ఇదంతా విని, “మరి ఇప్పుడు పెరిగిందిగా అన్నా?” అన్నాడు. పెరిగింది, అబద్ధం చెప్పను. ఈ మధ్య వేలాల్లో మంచి ఎక్స్‌జె220 సుమారు నాలుగైదు లక్షల పౌండ్లు పలుకుతోంది. అంటే 1992లో కట్టిన అంకె దగ్గరికి, ముప్పై ఏళ్లు దాటాక, మళ్లీ వచ్చి చేరింది. ఆ నాటి 4,70,000 పౌండ్లతో కొనగలిగినవి ఈ రోజు కొనాలంటే దాదాపు పది లక్షల పౌండ్లు కావాలి. కాబట్టి మొదటి యజమాని ఆ కారును ఎంత భద్రంగా దాచుకున్నా, అతని సొమ్ములో సగానికి పైగా హరించుకుపోయినట్టే. సంఖ్య తక్కువ కావడం అతన్ని కాపాడలేదు.

సంఖ్య ఎక్కువైనంత మాత్రాన విలువ పోదన్నదానికి ఫెరారీ ఎఫ్40 సాక్ష్యం. 1987లో దాన్ని చూపించినప్పుడు సుమారు 400 చేస్తామన్నారు, చివరికి 1,300కు పైగా చేశారు. మాట తప్పారనే చెప్పాలి. 1990 ప్రాంతంలో బ్రిటన్‌లో ఒక్కొక్కటి పది లక్షల పౌండ్ల దాకా చేతులు మారి, కొద్ది ఏళ్లలోనే అందులో నాలుగో వంతుకు పడిపోయింది. అయితే అది లేచింది, లేచి ఆ పాత శిఖరాన్ని ఎప్పుడో దాటేసింది. ఎంజో ఫెరారీ తన కళ్లతో చూసి ఒప్పుకున్న చివరి కారు అది. లోపల కార్పెట్ ఉండదు, తలుపు తీయడానికి పిడి బదులు ఒక తీగ ఉంటుంది, రంగు ఎంత పలచగా పూశారంటే కింద ఉన్న కార్బన్ నేత కనిపిస్తుంది. అలాంటిది ఆ కంపెనీయే మళ్లీ చేయాలనుకున్నా ఇప్పటి చట్టాల కింద చేయలేదు. విలువ అక్కడ పుడుతుంది. ఎన్ని చేశారన్నది తరువాతి సంగతి, మళ్లీ చేయగలరా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

ఈ తేడాను నాకు అన్నిటికన్నా స్పష్టంగా చూపించింది పోర్షె 911 ఆర్. 2016లో దాన్ని 991 మాత్రమే చేశారు. నాలుగు లీటర్ల ఇంజిను, 500 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, వెనక పెద్ద రెక్క లేకుండా నున్నటి వీపు. ఆ సమయానికి 911లోనే మరో వేగవంతమైన రకమైన జీటీ3లో మాన్యువల్ దొరికేది కాదు, ఆటోమేటిక్‌గా గేర్లు మార్చే పీడీకే ఒక్కటే ఉండేది. చేత్తో గేరు మార్చాలన్న మోజు ఉన్నవాళ్లందరికీ 911 ఆర్ ఒక్కటే దారి అయింది. అమెరికాలో 1,85,000 డాలర్ల దరిదాపుల్లో అమ్మిన ఆ కారుకు కొద్ది నెలల్లోనే అంతకు రెండింతలు, మూడింతలు అడిగారు, పది లక్షల డాలర్లు అని ప్రకటన ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. 2017 మార్చిలో అదే కంపెనీ కొత్త జీటీ3ని అదే 500 హార్స్‌పవర్‌తో, కావాలంటే మాన్యువల్ గేర్‌బాక్సుతో తెచ్చింది. ఆ సెప్టెంబరులో పెద్ద రెక్క లేని టూరింగ్ ప్యాకేజీని కూడా తెచ్చింది. 911 ఆర్ ధర జారింది, శిఖరం దగ్గర కొన్నవాళ్లకు గట్టి దెబ్బే తగిలింది. ఆ 991 కార్లలో ఒక్కటి కూడా పెరగలేదు, పలకలోని అంకె అదే, ఇంజిను అదే. మారిందల్లా, ఆ కారు ఇచ్చే అనుభవం వేరేచోట కూడా దొరకడమే. అసలు ధర కన్నా ఎక్కువే ఇప్పటికీ పలుకుతుంది గనుక మొదటి యజమానులకు నష్టం లేదు. నష్టపోయింది వాళ్ల దగ్గర అత్యాశకు కొన్నవాళ్లు.

దీనికి తలకిందులైన కథ లెక్సస్ ఎల్ఎఫ్ఏది. 2010 చివర నుంచి 2012 చివర వరకూ పనిదినానికి ఒకటి చొప్పున 500 చేశారు. అమెరికాలో దాని ధర 3,75,000 డాలర్లు. లెక్సస్ పేరు మీద అంత ధరేమిటని చాలామంది పెదవి విరిచారు, తయారీ ఆగిన కొన్నేళ్ల తరువాత కూడా అక్కడి షోరూముల్లో ఒకటీ అరా కొత్తవి మిగిలే ఉన్నాయి. ఇప్పుడు దాని ధర రెండింతలు దాటింది. యమహాతో కలిసి చేసిన 4.8 లీటర్ల వీ10 ఇంజిను 9,000 ఆర్‌పీఎం దాకా పాడుతూ వెళ్లడాన్ని విన్నవారు మరచిపోలేరు, అలాంటి ఇంజిను చేసే ఉద్దేశం ఈ రోజుల్లో ఎవరికీ లేదు. అడిగేవాడు లేక మూల పడి ఉన్న రోజుల్లో ఇష్టపడి కొన్నవాడే బాగుపడ్డాడు. మెక్‌లారెన్ ఎఫ్1 సంగతీ అంతే. 300 చేయాలనుకుని, మాంద్యంలో కొనేవాళ్లు లేక రేసు కార్లతో కలిపి 106 దగ్గర ఆగిపోయారు. అప్పట్లో దాని ధర 5,40,000 పౌండ్లు. 390 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన ఒకటి 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలో రెండు కోట్ల డాలర్లు దాటింది. ఆ సంఖ్య ప్రచారం కోసం పెట్టుకున్న హద్దు కాదు, కాలం విధించిన హద్దు. నా దృష్టిలో ఈ రెండింటికీ చాలా అంతరం ఉంది.

ప్రచారం కోసం పెట్టిన హద్దుకు పాత ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. 1978లో ఇండియానాపొలిస్ 500 రేసుకు షెవర్లే కార్వెట్ ముందు నడిచే పేస్ కారుగా ఎంపికైంది. దాని నకళ్లను నలుపు, వెండి రంగుల్లో మొదట కొన్ని వందలే చేద్దామనుకున్నారు. డీలర్లందరూ మాకొకటి అంటే మాకొకటి అన్నారు, చివరికి అది 6,502 అయింది. 13,653 డాలర్ల కారును అంతకు ఎంతో ఎక్కువకు కొని, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా గ్యారేజీల్లో దాచినవాళ్లు బోలెడంతమంది. నలభై అయిదేళ్లు దాటాక కూడా చాలావాటికి ముప్పై వేల డాలర్ల దరిదాపుల్లోనే వస్తోంది, ద్రవ్యోల్బణం లెక్కగడితే అది అసలు ధరలో సగం. అందరూ దాచిపెట్టిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది?

ఇక శిఖరం మీద ఉన్నవి వేరే లోకం. ఫెరారీ 250 జీటీఓను 1962 నుంచి 1964 మధ్య 36 చేశారు. రేసుల నిబంధన ప్రకారం వంద చేయాల్సి ఉన్నా, ఇది పాత కారుకు మార్పులు చేసినదే అని వాదించి గట్టెక్కారు. కొత్తగా 18,000 డాలర్లు పలికినది 2018లో 4.84 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. అయితే ఆ గీత కూడా తిన్నగా పైకి పోలేదు. 1989లో 1.3 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న ఒక జీటీఓ 1994 నాటికి అందులో సుమారు నాలుగో వంతుకు పోయింది. అటువంటి కార్ల విషయంలో ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న మన సామెత అక్షరాలా నిజం. 1960లలో రేసులో కాలిపోయి, నలిగిన రేకుల కుప్పగా మిగిలిన ఒక 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్‌ను 2023లో 18,75,000 డాలర్లకు కొన్నారు. ఆ రేకుల కుప్పతో పాటు ఒక ఛాసిస్ నంబరు, దాని వెనక ఒక రేసుల చరిత్ర వచ్చాయి. కొన్నవాడికి కావాల్సింది అదే. నిన్న మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు అలాంటి చరిత్ర ఉండదు, పలక ఒక్కటే ఉంటుంది.

మ్యూజియం క్యాంటీన్‌లో కూర్చుని వాడికి ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాను. వాడు కొనాలనుకున్న కారు సుమారు 1,50,000 పౌండ్లు. అదే సొమ్మును ఏడాదికి ఐదు శాతం వచ్చే చోట పెట్టి పదేళ్లు కదపకుండా ఉంటే 2,44,000 అవుతుంది. కారుకైతే బీమా, తడి తగలని గ్యారేజీ, ఏటేటా సర్వీసు కలిపి ఎంత పొదుపుగా చూసినా ఏడాదికి మూడు వేలు తప్పవు, పదేళ్లకు ముప్పై వేలు. అంటే పదేళ్ల తరువాత 2,75,000 పౌండ్లకు అమ్మగలిగితేనే వాడు మొదట ఉన్న చోటికి వచ్చినట్టు, అదీ వేలం సంస్థ తన కమిషన్ తీసుకోకముందు. నూటికి ఎన్ని ప్రత్యేక ఎడిషన్లు ఆ గీత దాటతాయో వాణ్ణే ఆలోచించమన్నాను. వాడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిర్వహణ ఖర్చును మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారని నా బాధ. ఎక్స్‌జె220లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిను మొత్తాన్ని కిందికి దించాలి. పెట్రోలు నిండే రబ్బరు సంచి లాంటి ట్యాంకుకు ఆయుష్షు ఉంటుంది, కారు తిరిగినా తిరగకపోయినా దాన్ని మార్చాల్సిందే. దాని కొలతకు సరిపోయే టైర్లు కొన్నేళ్లు అసలు దొరకనే లేదు. మెక్‌లారెన్ ఎఫ్1ను పరీక్షించడానికి 1990ల నాటి ఒక రకం కాంపాక్ ల్యాప్‌టాప్ తప్ప వేరేది పనిచేయకపోవడంతో కంపెనీవాళ్లు ఎన్నో ఏళ్లు ఆ పాత యంత్రాలనే కాపాడుకుంటూ వచ్చారు. ఇక నడపకుండా ఉంచితే సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు పాడవుతుంది, టైర్లు గట్టిపడతాయి. నడిపితే ఓడోమీటర్ పెరిగి ధర తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య నలిగే యజమానిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. మంచి ఇంజిను ఉన్న కారును కొని, దాని చప్పుడు వినడానికి భయపడే స్థితి కన్నా విచారకరమైనది నాకు మరొకటి తోచదు.

కంపెనీలు కూడా మారుబేరగాళ్లను చూస్తూ ఊరుకోవడం లేదు. 2017 ఫోర్డ్ జీటీ కొన్నవాళ్లు రెండేళ్ల దాకా అమ్మబోమని సంతకం పెట్టాల్సి వచ్చింది. మల్లయోధుడు, నటుడు జాన్ సీనా కొద్ది వారాల్లోనే అమ్మేసినందుకు ఫోర్డ్ ఆయన మీద దావా వేసింది, 2018లో రాజీ కుదిరింది. పోర్షె తన 911 ఎస్/టీని 1,963 కార్లకు పరిమితం చేసి, అమెరికాలో మొదటి ఏడాది లీజు మీదే ఇచ్చింది. ఇది నాకు న్యాయంగానే తోస్తుంది. నడిపేవాడి చేతికి వెళ్లాల్సిన కారు బేరగాడి చేతిలో పడకూడదు.

హైదరాబాదులో ఉన్న స్నేహితులు కూడా అప్పుడప్పుడు ఇదే అడుగుతారు. అక్కడ లెక్క ఇంకా కఠినం. 40,000 డాలర్లు మించిన కారు పూర్తిగా తయారై దిగుమతి అయితే ఏళ్ల తరబడి నూరు శాతం సుంకం పడేది, దాని మీద జీఎస్‌టీ, సెస్సు, రోడ్డు ట్యాక్సు. విదేశాల్లో కార్లు సేకరించేవాళ్లెవరూ ఆ పన్నుల సొమ్ము కలిపి ధర ఇవ్వరు, కాబట్టి కారును మళ్లీ దేశంలోనే, ఉన్న కొద్దిమంది కొనుగోలుదార్లలోనే అమ్ముకోవాలి. పాత కార్లను తెప్పించుకుందామంటే మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి అన్న షరతులు చాలాకాలంగా ఉన్నాయి. ఎఫ్40 ఫ్యాక్టరీ నుంచి ఎడమచేతి స్టీరింగ్‌తోనే వచ్చేది, మెక్‌లారెన్ ఎఫ్1లో డ్రైవరు మధ్యలో కూర్చుంటాడు. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, ఫీజు 20,000 రూపాయలు. పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది మంచి వార్తే కానీ, ఈ రోజు కొన్న కారును ఆ వరుసలో చేర్చాలంటే మనవలు పెద్దవాళ్లు కావాలి.

సోమవారం ఉదయం మా తమ్ముడు డీలర్‌కు ఒక ఈమెయిల్ పంపాడు. ఇదే ఇంజిను, ఇదే గేర్‌బాక్సు రాబోయే మామూలు మోడల్లో ఇవ్వబోమని రాసి ఇవ్వగలరా అని అడగమని నేనే చెప్పాను. మధ్యాహ్నానికి మర్యాదగా జవాబు వచ్చింది. రాబోయే మోడళ్ల గురించి తాము ఏమీ చెప్పలేమనీ, ఈ కారును రెండేళ్ల లోపు అమ్మదలిస్తే ముందు తమనే అడగాలనీ అందులో ఉంది. స్లాట్ వదిలేశాడు. ఇంటి డబ్బు ఇంటికే ఉంచాడు.

ఇప్పుడు వాడి కన్ను లెమింగ్టన్‌లో అమ్మకానికి ఉన్న ఒక పాత మాన్యువల్ రెండు సీట్ల కారు మీద పడింది. దాన్ని వేలల్లో చేశారు, పలక గిలక ఏమీ లేదు. ఈ ఆదివారం ఇద్దరం చూడడానికి వెళ్తున్నాం. ఛాసిస్ కింద తుప్పు ఎంతవరకు పాకిందో చూడాలి, టార్చిలైటు మరచిపోకు అన్నా అని రెండుసార్లు గుర్తు చేశాడు.